డీపీ తెచ్చేనండి

సుభాష్ ఇంతవరకు ఎవరికీ "కాదు" అని చెప్పలేదు. చెప్పకూడదని పట్టుదలేమీ లేదు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వింటున్నట్టు తెలియాలని మర్యాదకి "ఆయ్" అంటాడు. వాళ్ళు దాన్ని ఒప్పుకోవడం కింద తీసుకుని వెళ్ళిపోతారు. ఆ రకంగా అతనికి రెండు బీమా పాలసీలు, ఒక నీళ్ళ ఫిల్టరు, చర్చి యువజన సంఘం కార్యదర్శి పదవి వచ్చి పడ్డాయి.

అమలాపురం గడియారస్తంభానికి దగ్గర్లో దుర్గేష్ గారి కంప్యూటర్ షాపులో అతను మూడేళ్ళుగా పనిచేస్తున్నాడు. జూలై నెలలో ఒక సోమవారం, పదకొండింటికి, వానలో ఒకమ్మాయి వచ్చింది. గొడుగు బయటే దులిపి, తలుపు పక్కన ఆనించి, కాళ్ళు గోనెపట్టా మీద తుడుచుకుని లోపలికి వచ్చింది. ఆ వానాకాలం మొత్తం మీద అలా చేసిన మొదటి మనిషి ఆమే. షాపు నేల తుడిచేది సుభాషే కాబట్టి ఆ సంగతి అతను గమనించాడు.

"గేమింగ్ మానిటర్ కావాలండి," అంది.

"ఆయ్. తమ్ముడికాండి?"

"తమ్ముడు లేడండి."

"ఆయ్. అన్నయ్యగారికాండి?"

"నాకండి."

సుభాష్ అలవాటు ప్రకారం ఆమెని వంపు తిరిగిన పెద్ద మానిటర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. దాని వెనక రంగు దీపాలున్నాయి. వచ్చినవాళ్ళంతా దాని ముందు నిలబడి ఒక ఫోటో దిగి, వేరేది కొనుక్కుని వెళ్తుంటారు.

"ఇది బాగా మూవ్ అవుతుందండి."

"షాపులోంచా, బొమ్మా?"

"ఆయ్."

ఆమె అతని వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. లెక్కల మేష్టారు తప్పు ఎక్కడ జరిగిందో వెతికేటప్పుడు చూసే చూపు అది.

"ఇది వీఏ ప్యానెల్ కదండీ. చీకటి సీన్లో మనిషి కదిలితే వెనకాల మసిగుడ్డతో తుడిచినట్టు మరక సాగుతుంది. నేనాడే గేములో సగం చీకటే. ఆ మరక పడని ఐపీఎస్ ప్యానెల్ ఉందా?"

"ఆయ్."

"ఉందనా, వింటున్నాననా?"

సుభాష్‌ని ఈ ప్రశ్న ఇదివరకు ఎవరూ అడగలేదు. కాసేపు ఆలోచించుకున్నాడు.

"వింటున్నానండి," అన్నాడు. "ఉంది కూడానండి."

లోపలి అరలోంచి ఇరవై నాలుగు అంగుళాల మానిటర్ పెట్టె తీశాడు. దీపాలు లేవు, వంపు లేదు. చూడ్డానికి ప్రభుత్వాఫీసులో ఉండేదానిలా ఉంది. పెట్టె మీద మాత్రం నూట ఎనభై హెర్ట్జ్ అని ఉంది.

ఆమె పెట్టె నాలుగు వైపులా తిప్పి చదివింది. "బొమ్మ మారే రెస్పాన్స్ టైము ఒక్క మిల్లీసెకనని రాసేరు. నిజమేనా?"

"నాకు తెలీదండి."

కౌంటర్ వెనక దుర్గేష్ గారు గట్టిగా దగ్గారు.

"ఇలాంటివి ఇదివరకు అమ్మలేదా?"

"అమ్మేనండి. కొలవలేదండి."

అప్పుడు ఆమె నవ్వింది. పెద్ద నవ్వేం కాదు. బిగించిన స్క్రూ ఒక చుట్టు వదులైనంత నవ్వు. "కాకినాడలో రెండు షాపుల్లో అడిగేను. ఇద్దరూ నిజమే అన్నారు. తెలీదన్నది మీరొక్కరే. ఇదే ఇచ్చేయండి."

"మరి నిజం కాదాండి?"

"సెట్టింగు ఎక్స్‌ట్రీమ్‌లో పెట్టి కొలిస్తే నిజం. అలా పెడితే బొమ్మ ముందుకి దూకేసి, మళ్ళీ వెనక్కొచ్చి కూర్చుంటుంది. చుట్టూ తెల్లటి నీడ పడుతుంది. మరీ తొందరపెడితే ఎవరైనా అంతే కదండి."

"ఆయ్," అన్నాడు సుభాష్, ఈసారి మనస్ఫూర్తిగా.

బిల్లు మీద పేరు షైనీ అని రాయించింది. ఊరు నగరం, మామిడికుదురు పక్కన. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఏదైనా తేడా వస్తే ఫోన్ చేస్తానండి. అప్పుడు ఆయ్ అనకండి. అవునో కాదో చెప్పండి."

"ఆయ్," అన్నాడు. నాలుక కరుచుకునే లోపు ఆమె గొడుగు తెరిచేసింది.

*

మర్నాడే ఫోన్ వచ్చింది.

"అరవై దగ్గర ఆగిపోయిందండి," అంది షైనీ.

సంగతేమిటంటే, ఆ మానిటర్ సెకనుకి నూట ఎనభై బొమ్మలు గీయగలదు. దాన్నే రిఫ్రెష్ రేట్ అంటారు. పెట్టెలో వచ్చిన కేబుల్ మాత్రం పాత రకం. అది అరవైకి మించి మొయ్యలేనంటోంది. డిస్‌ప్లే పోర్ట్ కేబుల్ అనేది వేరే ఉంటుంది. ఆ లైన్లో ఉన్నవాళ్ళు దాన్ని డీపీ అంటారు.

"డీపీ కేబుల్ ఉందాండి మీ దగ్గర?"

సుభాష్ నోరు తెరిచాడు.

"అవునో కాదో," అంది షైనీ.

"లేదండి. తెప్పిస్తానండి."

"ఎప్పటికి? శనివారం పదింటికి నాకు సెలక్షన్ మ్యాచ్. హైదరాబాద్ టీమ్, అయిదుగురిని తీసుకుంటారు. ఎదుటివాడు గోడ చాటునుంచి వస్తుంటే, వాడికి నేను కనబడేలోగా వాడు నాకు కనబడాలి. అరవైతో అయ్యే పని కాదండి అది."

దుర్గేష్ గారిని అడిగితే సోమవారం సరుకులో వస్తుందన్నారు. సుభాష్ "ఆయ్" అన్నాడు. బుధవారం పొద్దున్నే సెలవడిగి, బండేసుకుని రాజమండ్రి వెళ్ళాడు. వెళ్ళి రావడానికి నూట నలభై కిలోమీటర్లు. కేబుల్ పొడవు మీటరున్నర. ఒక్కదానికోసం అంత దూరమెందుకని దుర్గేష్ గారు రెండుసార్లు అడిగారు. సుభాష్ రెండుసార్లూ "ఆయ్" అన్నాడు.

*

సుభాష్‌కి తెలియని సంగతి ఒకటుంది.

షైనీ తండ్రి జ్ఞానప్రకాశం గారు హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యారు. భార్య కృపావతి గారు పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో ఆయన, కూతురు. కొత్తపేటలో ఉంటున్న ఆయన చెల్లెలు పుష్పలత గారు ఆ వారమే ఫోన్ చేసి ఒక సంబంధం చెప్పారు.

"గురువారం నాలుగింటికి అబ్బాయి వస్తాడన్నయ్యా. అమలాపురమే. కంప్యూటర్ లైను. ఒక్కడే వస్తాడు, ఊరికే చూసి వెళ్తాడు. నువ్వు హడావిడి చెయ్యకు."

అబ్బాయి ఫోటో కూడా పంపారు. వాట్సాప్‌లో అతను పెట్టుకున్న డీపీ అది. టోపీ, నల్ల కళ్ళద్దాలు, వెనక ఏదో సముద్రం. మూడింటిలోకీ సముద్రమే స్పష్టంగా కనబడుతోంది.

షైనీకి చెబితే, "రానివ్వండి డాడీ," అని హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంది.

గురువారం మధ్యాహ్నం సుభాష్ బయల్దేరాడు. కేబుల్‌ని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు. దారి పొడుగునా వాన. బోడసకుర్రు వంతెన మీదికెక్కేసరికి తగ్గింది. వంతెన దిగగానే మళ్ళీ అందుకుంది. గాలి బాగా కొట్టే ఆ కాస్త దూరమైనా విడిచిపెట్టినందుకు సుభాష్ మనసులో దేవుడికి దండం పెట్టుకున్నాడు.

నాలుగింటికి ఇల్లు దొరికింది. వరండాలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన లేచి నిలబడ్డారు. వెనక గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు చూసి సుభాష్, "వందనాలండి," అన్నాడు.

"వందనాలు బాబూ. రండి, రండి. అమలాపురం నుంచేనా?"

"ఆయ్."

"కంప్యూటర్ లైనే కదా?"

"ఆయ్."

"అయ్యో, పూర్తిగా తడిసిపోయేరు. ముందు రిఫ్రెష్ అవ్వండి."

"ఆయ్, రిఫ్రెష్ కోసమే వచ్చేనండి. అరవై దగ్గర ఆగిపోయిందంట కదండి."

జ్ఞానప్రకాశం గారు అది తన వయసు గురించనుకున్నారు. "ఆగలేదు బాబూ. అరవై దాటి రెండేళ్ళయింది. దేవుడి దయవల్ల నడుస్తూనే ఉంది."

సుభాష్‌కి అర్థం కాలేదు. అర్థం కానప్పుడు అనేదే అన్నాడు. "ఆయ్."

పెద్దాయన తువ్వాలు ఇచ్చారు. తల తుడుచుకుంటూ సుభాష్ అసలు పని చెప్పాడు. "డీపీ తెచ్చేనండి."

"డీపీ చూసేం బాబూ. పుష్పలత పంపింది. నిజం చెప్పొద్దూ, అందులోకన్నా మీరే నయం."

పుష్పలత గారు ఎవరో సుభాష్‌కి తెలీదు. కస్టమర్లు ఈ మధ్య అన్నీ ఫోన్లో చూసుకుని, షాపుకొస్తేనే నయమంటున్నారు. అలాంటిదే అయి ఉంటుందనుకున్నాడు.

టీ వచ్చింది. పండగలకి బయటికి తీసే పువ్వుల కప్పుల్లో వచ్చింది. పక్కన చెగోడీలు. కేబుల్ తెచ్చినవాళ్ళకి ఇంత మర్యాదా అని సుభాష్ ఆశ్చర్యపోయాడు. కోనసీమలో ఇది మరీ విడ్డూరమేం కాదని సర్దుకున్నాడు కూడా.

"ఒక్కమాట అడుగుతాను, ఏమనుకోకండి," అన్నారు జ్ఞానప్రకాశం గారు. "ఇష్టపడే వచ్చేరా? ఎవరైనా బలవంతం మీద పంపేరా?"

"ఇష్టపడే వచ్చేనండి. మా ఓనర్ గారే వద్దన్నారండి. ఒక్కదానికోసం అంత దూరమేంటన్నారు."

ఆ మాటకి పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "మాకూ ఒక్కత్తే బాబూ."

"ఆయ్."

"జాగ్రత్తగా చూసుకుంటారా?"

"మూడేళ్ళ వరకు పూర్తి బాధ్యత మాదేనండి."

"మూడేళ్ళేనా?"

"రూల్ ప్రకారం అంతేనండి. ఆ తర్వాత కూడా ఫోన్ చేస్తే నేను వస్తానండి. అది రూల్లో లేదు, నేనే వస్తాను."

"మరి నచ్చకపోతే?"

"ఏడు రోజుల్లో మార్చి ఇస్తామండి."

జ్ఞానప్రకాశం గారి చేతిలో కప్పు సగం దారిలో ఆగిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన చాలా జవాబులు విన్నారు, దిద్దారు. ఇలాంటిది తగల్లేదు.

"మార్చి... ఎవర్నిస్తారు బాబూ?"

"అదే మోడలండి. కొత్తది."

గుమ్మం దగ్గర షైనీ నిలబడి ఉంది. హెడ్‌ఫోన్స్ మెళ్ళో ఉన్నాయి. ఎంతసేపటి నుంచి ఉందో ఎవరికీ తెలీదు.

"డాడీ," అంది తాపీగా. "నేను నచ్చకపోతే ఏడు రోజుల్లో అదే మోడల్ కొత్తదిస్తారంట. అట్టపెట్టె ఉండాలేమో కనుక్కోండి."

"పెట్టె ఉండాలండి," అన్నాడు సుభాష్, అలవాటుగా.

అప్పుడు అతనికి ఒక్కొక్కటీ కనబడింది. ఇస్త్రీ చొక్కా. పువ్వుల కప్పులు. బల్ల మీద కొత్త గుడ్డ. ఈ రోజు ఈ ఇంటికి ఎవరో రావాలి. వచ్చింది తను.

జ్ఞానప్రకాశం గారికీ ఏదో అనుమానం వచ్చింది. కప్పు కింద పెట్టారు. "బాబూ, మా అమ్మాయిని చూడ్డానికి పుష్పలత పంపిన అబ్బాయి మీరే కదా?"

ఒక్క "ఆయ్" చాలు. జీవితంలో లక్షసార్లు ఖర్చు పెట్టిన మాట, ఎన్నడూ ఇంత అవసరమైన చోట రాలేదు. సోమవారం నుంచి అతను కళ్ళు మూసుకుంటే బయట గొడుగు దులుపుతున్న ఒక చెయ్యి కనబడుతోంది. షైనీ అతని వంకే చూస్తోంది, అవునో కాదో అన్నట్టు.

"కాదండి," అన్నాడు సుభాష్.

అదే మొదటిసారి. అనుకున్నంత కష్టంగా లేదు.

"నేను కంప్యూటర్ షాపు నుంచి వచ్చేనండి. మేడంగారి మానిటర్‌కి కేబుల్ తెచ్చేను. దాన్నే డీపీ అంటారండి." చొక్కా లోపల్నుంచి రెండు కవర్ల పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. పొట్లం మాత్రం పొడిగా ఉంది.

ఎవరూ మాట్లాడక ముందే పెద్దాయన ఫోన్ మోగింది. ఆయనకి స్పీకర్ పెట్టుకునే అలవాటు.

"అన్నయ్యా, ఈ వానలో ఆ అబ్బాయి రాలేనన్నాడు. తడుస్తాడంట. వచ్చే గురువారం తప్పకుండా వస్తాడు."

జ్ఞానప్రకాశం గారు సరేనని పెట్టేశారు. సుభాష్ ప్యాంటు అంచు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి. ఆయన వాటిని కాసేపు చూశారు.

"టీ చల్లారిపోతుంది, తాగండి బాబూ," అన్నారు.

లోపలికి దారి చూపిస్తూ షైనీ మెల్లగా అంది. "కాదు అన్నారు."

"ఆయ్."

"బాగుంది. అప్పుడప్పుడు అంటూండండి."

*

కేబుల్ పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. సెట్టింగ్స్‌లో అరవై కింద నూట ఎనభై అన్న వరస కనబడింది. షైనీ దాన్ని నొక్కి, ఒక పేజీని తెర మీద ఆ చివర్నుంచి ఈ చివరికి లాగింది. అక్షరాలు పరిగెత్తుతున్నాయి. పరిగెత్తుతూనే చదవడానికి వీలుగా ఉన్నాయి.

సుభాష్ ముందుకి వంగాడు. "మూడేళ్ళ నుంచీ స్మూత్‌గా ఉంటుందండి, స్మూత్‌గా ఉంటుందండి అని అమ్మేను. నిజమేనండి."

"ఇన్నాళ్ళూ అబద్ధమనుకున్నారా?"

"తెలీదనుకున్నానండి."

రెస్పాన్స్ ఎక్స్‌ట్రీమ్‌లో ఉంది. సోమవారం ఆమె చెప్పిన తెల్లటి నీడ నిజంగానే పడుతోంది. నార్మల్‌లో పెడితే పోయింది. పని అయిపోయినట్టే. షైనీ కంప్యూటర్లో తెరిచినవన్నీ మూసేసరికి తెర మీద వాల్‌పేపర్ మిగిలింది. చర్చి ఆవరణలో ఎండలో నిలబడి నవ్వుతున్న ఒకావిడ ఫోటో అది.

"అది మీ అమ్మ చీర కాదే," అన్నారు గుమ్మంలోంచి జ్ఞానప్రకాశం గారు.

"అమ్మదే డాడీ, పాతికేళ్ళ పెళ్ళిరోజుది."

"ఫోటో అదే. రంగు కాదు. అది మామిడి చిగురు రంగు. బండార్లంకలో మగ్గాల దగ్గర నేనే ఎంచేను. ఇక్కడ వంకాయలా కనబడుతోంది." ఆయన వెంటనే సర్దుకున్నారు. "నా ఫోన్లోనూ తేడాగానే ఉంటుందిలే. అలవాటైపోయింది. మీకు ఆలస్యమవుతుంది బాబూ, బయల్దేరండి."

సుభాష్ "ఆయ్" అనబోయాడు. వాన ఉంది, వంతెన ఉంది, చీకటి పడకముందే వెళ్ళాలి.

"చీర ఉందాండి?" అన్నాడు.

ఉంది. బీరువాలో పై అరలో, తెల్ల గుడ్డలో చుట్టి ఉంది. ఆయన దాన్ని రెండు చేతుల మీదా తెచ్చారు.

సుభాష్ ముందు ట్యూబ్‌లైట్ ఆపించాడు, దాని వెలుగు రంగుల్ని నమ్మనివ్వదని. కిటికీ కర్టెన్ తీయించాడు. తర్వాత తెర మీద ఖాళీ తెల్ల పేజీ పెట్టాడు. "ముందు తెలుపు సరిచేసుకోవాలండి. తెలుపు తేడాగా ఉంటే అన్నీ తేడాయే. సార్, మీరొకసారి దీని పక్కన నిలబడండి. కదలకండి."

జ్ఞానప్రకాశం గారు తెల్ల చొక్కాతో మానిటర్ పక్కన అటెన్షన్‌లో నిలబడ్డారు. సుభాష్ చొక్కానీ తెరనీ మార్చి మార్చి చూశాడు. "ఏమండీ, నీలిమందు పెట్టేరా?"

ఆయన నేరం ఒప్పుకున్నట్టు తల దించారు. "రెండు చుక్కలు. ఆవిడున్నప్పుడూ తిట్టేది, ఎక్కువేస్తానని."

"అయితే చొక్కా పనికిరాదండి."

షైనీ వంటింట్లోకి వెళ్ళి అప్పుడే కొట్టిన కొబ్బరి చెక్క తెచ్చింది. అంతకన్నా నమ్మకమైన తెలుపు ఆ ఇంట్లో లేదు. దాన్ని తెర పక్కన పట్టుకుంది. పేజీ నీలంగా ఉందని ముగ్గురికీ ఒకేసారి తెలిసింది.

మానిటర్ వెనకాల చిన్న పుల్లలాంటి బటన్ ఉంటుంది. కంటికి కనబడదు, తడుముకోవాలి. ఇద్దరు ఒకేసారి తడిమితే చేతులు తగులుతాయి. తగిలాయి. ఇద్దరూ ఎంతో శ్రద్ధగా తెరనే చూశారు.

"నీలం వంద నుంచి తొంభై," అంది షైనీ.

"ఆయ్."

"ఎనభై ఎనిమిది. చాలు, కొబ్బరి దగ్గరికొచ్చేసింది."

తర్వాత ఫోటో. చీర మడత విప్పి, కొంగు తెర అంచుకి ఆనించారు. ఎరుపు ఒకటి పెంచడం, ఆకుపచ్చ ఒకటి తగ్గించడం, పెద్దాయన వంక చూడడం. ఆయన కుర్చీ అంచున కూర్చుని చెబుతున్నారు. "కాదు... ఇంకొంచెం... ఇప్పుడు ఇటిక రంగొచ్చింది... వెనక్కి... ఇంకొక్క పిసరు..."

బయట వాన సన్నబడి, కిటికీలోంచి వెలుగు కాస్త పెరిగింది.

"ఆ," అన్నారు ఆయన.

సుభాష్ బటన్ మీంచి వేలు తీసేశాడు. తెర మీద కొంగు, బయట కొంగు ఒకటే గుడ్డ అయిపోయాయి. నవ్వుతున్నావిడ ఇప్పుడే చర్చి నుంచి వచ్చి నిలబడినట్టుంది.

"ఆ రోజు ఎండ ఇలాగే ఉంది," అన్నారు జ్ఞానప్రకాశం గారు. కాసేపటికి లేచారు. "చెగోడీలు అయిపోయినట్టున్నాయి. తెస్తాను." వంటింట్లోకి వెళ్ళారు. చెగోడీలకి పట్టేదానికన్నా చాలా ఎక్కువ సేపే పట్టింది.

షైనీ గొంతు తగ్గించి అడిగింది. "వారంటీలో ఇది కూడా ఉంటుందాండి?"

"లేదండి."

"మరెందుకు చేసేరు?"

జవాబు ఉంది. నాలుక మీదే ఉంది. వచ్చే గురువారం ఇంకొకాయన ఈ కుర్చీలోనే కూర్చుంటాడని కూడా తెలుసు. సుభాష్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆయ్," అన్నాడు.

షైనీ కొబ్బరి చెక్క బల్ల మీద పెట్టేసింది. "మళ్ళీ మొదలెట్టేరు."

*

శనివారం ఒంటిగంటకి అతని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "ఆరో స్థానం. సబ్‌స్టిట్యూట్‌గా తీసుకున్నారు. టీమ్‌లో ఎవరికైనా జ్వరమొస్తే నేను ఆడతాను."

సుభాష్ నాలుగు రకాలుగా టైపు చేసి, నాలుగూ చెరిపాడు. చివరికి "ఆయ్" అని పంపాడు. పంపినందుకు తనని తాను తిట్టుకుంటూ పది నిమిషాల తర్వాత "చాలా సంతోషమండి" అని పంపాడు.

"ఇంత ఆలస్యమా? మీ రిఫ్రెష్ రేట్ ఎంతండి?" అని వచ్చింది.

ఆదివారం చర్చిలో అతను కార్యదర్శి హోదాలో ప్రకటనలు చదువుతూ ఒక పెళ్ళి ప్రకటన దగ్గర కాసేపు ఆగిపోయాడు. సోమవారం, మంగళవారం షాపులో ఎవరేమడిగినా జవాబు తిన్నగా చెప్పడం సాధన చేశాడు. "ప్రింటర్ ఉందా?" అంటే "అవునండి, ఉందండి." "తగ్గిస్తారా?" అంటే "లేదండి." దుర్గేష్ గారు కంగారుపడి, ఒంట్లో బాగుందా అని అడిగారు.

బుధవారం పదకొండింటికి మళ్ళీ వాన. షాపు ముందు ఆటో ఆగింది. జ్ఞానప్రకాశం గారు దిగారు. చేతుల్లో మానిటర్ అట్టపెట్టె ఉంది. వెనకే షైనీ గొడుగు బయట దులిపి, ఆనించి, కాళ్ళు తుడుచుకుని వచ్చింది.

పెట్టె చూసి సుభాష్ కౌంటర్ దగ్గరికి వచ్చాడు. "నచ్చలేదాండి?"

ఆయన పెట్టె కౌంటర్ మీద పెట్టారు. అది తేలిగ్గా చప్పుడు చేసింది. మూత తీస్తే లోపల ఒక స్టీలు డబ్బా ఉంది. డబ్బా నిండా చెగోడీలు.

"మానిటర్ ఇంట్లోనే ఉంది, దాన్ని మార్చం. పెట్టె ఉండాలన్నారు కదా, అందుకని తెచ్చేను," అన్నారు జ్ఞానప్రకాశం గారు. "గురువారం నుంచి లెక్కేస్తే ఇవాళ ఏడో రోజు బాబూ. రేపు ఆ అబ్బాయి వస్తానంటున్నాడు, వాన లేకపోతే. ఏం చెప్పమంటావని మా అమ్మాయినడిగేను. నన్నడక్కండి, షాపులో అడగండి అంది."

షైనీ వంపు మానిటర్ దగ్గర నిలబడి, రంగు దీపాల్ని కొత్తగా చూస్తున్నట్టు చూస్తోంది. దుర్గేష్ గారు ఒక మౌస్ తీగని ఎంతో జాగ్రత్తగా పరీక్షిస్తున్నారు. అది తీగ లేని మౌస్.

సుభాష్ రెండు చేతులూ కౌంటర్ మీద ఆనించాడు.

"రావద్దని చెప్పండి."

"పాపం, ఏం కారణం చెప్పను?"

"కారణం నేనండి."

జ్ఞానప్రకాశం గారు పెట్టె పక్కకి జరిపి, అతని ముఖంలోకి చూశారు.

"ఊరికే మాటవరసకి కాదు కదా?" అన్నారు ఆయన.

"కాదండి. మీ అమ్మాయిగారు మొదటిరోజు గొడుగు బయట దులిపి లోపలికొచ్చేరండి. అప్పట్నుంచండి." ఇంత పొడుగు మాట ఆగకుండా చెప్పినందుకు సుభాష్ తనే ఆశ్చర్యపోయాడు. "మొన్న మీ ఇంట్లో ఎందుకు చేసేరని ఆవిడ అడిగితే చెప్పలేకపోయేను."

జ్ఞానప్రకాశం గారు ఫోన్ తీసి చెల్లెలికి చేశారు. స్పీకర్ ఎప్పటిలాగే ఆన్‌లో ఉంది.

"పుష్పా, రేపు వాన పడేలా ఉంది. ఆ అబ్బాయిని శ్రమపడొద్దని చెప్పు."

"పోనీ వచ్చే వారం రమ్మననా అన్నయ్యా?"

"వచ్చే వారం కూడా పడుతుందమ్మా."

ఫోన్ జేబులో పెట్టుకుని సుభాష్ వైపు తిరిగారు. "మీ అమ్మగారితో మాట్లాడాలి. ఎక్కడుంటారు?"

"ఉప్పలగుప్తమండి. కాదనరండి. నాకీ ఆయ్ అలవాటు ఆవిడ దగ్గర్నుంచే వచ్చిందండి."

"మంచి అలవాటే. కాస్త తగ్గించి, నార్మల్‌లో పెట్టుకుంటే చాలు," అన్నారు ఆయన. కృపావతి గారు పోయాక ఆయన హాస్యమాడడం షైనీ వినలేదు. వెనక్కి తిరిగి చూసింది.

అప్పుడు సుభాష్ కౌంటర్ దాటి వచ్చాడు. ఆమెకి రెండడుగుల దూరంలో ఆగాడు.

"మరి మీకిష్టమేనాండి?"

ఎప్పుడూ అవునో కాదో తేల్చి చెప్పే అమ్మాయి. దీపాల వంక చూసింది, తండ్రి చొక్కా వంక చూసింది. దానికివాళ నీలిమందు ఒక్క చుక్కే పడింది. తర్వాత తలుపు పక్కన నీళ్ళు కారుతున్న తన గొడుగు వంక చూసింది.

"ఆయ్," అంది.

సుభాష్ ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యలేదు. "అవుననాండి, వింటున్నాననా?"

"వింటున్నానండి," అంది షైనీ. "అవును కూడానండి."